మూడు రోజులకొక పలకరింపు

మా అన్నయ్య ఎక్కడికి వెళ్లినా రెండో రోజు సాయంత్రానికి గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల వైపు చూడటం మొదలుపెడతాడు. చుట్టాలింట్లో ఉన్నా అంతే, ఆసుపత్రిలో ఎవరినైనా చూడబోయినా అంతే. మాటకు మాట జవాబిస్తూనే ఉంటాడు, నవ్వాల్సిన చోట నవ్వుతాడు, చూపు మాత్రం చెప్పుల మీదే. తన పెళ్లాం పిల్లా ఉన్న ఇంట్లోనూ ఇదే వరస.

దీనికి కారణం నేల మీద లేదు. ఆయన పనిచేసే ఇంజనీరింగ్ కాలేజీలో విద్యార్థులు కలిసి ఒక బుల్లి ఉపగ్రహం తయారుచేశారు. చెప్పుల డబ్బా అంత ఉంటుంది. కాలేజీ గోడ మీద దానికి చాలా గంభీరమైన పేరు రాసి ఉంది గానీ మా ఇంట్లో అందరం "డబ్బా" అనే అంటాం. మా వదిన ఒక్కతే దాన్ని "మా సవతి" అంటుంది.

అన్నయ్య ఆ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్. డిప్లొమా అయ్యాక కొన్నాళ్లు టీవీలు బాగుచేసే షాపులో కూర్చున్నాడు. చిన్నప్పటినుంచీ రేడియో పిచ్చి. పరీక్ష రాసి, రేడియోలో మాట్లాడే లైసెన్సు తెచ్చుకుని, ముక్కూ మొహం తెలియని వాళ్లతో గాలిలో కబుర్లు చెప్పేవాడు. ఇంట్లో నోరు విప్పని మనిషి, సముద్రం అవతల ఎవడితోనో వాళ్ల ఊళ్లో వాన పడిందా లేదా అని అరగంట మాట్లాడేవాడు. మా వదిన నర్సు. వార్డులో గుండె చప్పుడు చూపించే మిషన్ మొరాయిస్తే బాగుచెయ్యడానికి వెళ్లి ఆమెను చూశాడు. మిషన్ ఒక్క పూటలో బాగైంది. మళ్లీ ఆగుతుందేమో ఒకసారి చూసిపోతానంటూ ఆ తరవాత నెలంతా తిరిగాడు. "ఆ మిషన్ అంత ఆరోగ్యంగా ఎన్నడూ లేదు" అని వదిన ఇప్పటికీ నవ్వుతుంది.

డబ్బా చెయ్యాల్సిన పని ఒక్కటే. పనైపోయిన ఉపగ్రహాలు ఆకాశంలో చెత్తలా ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటాయి. దానికి విరుగుడుగా ఆ కాలేజీ పిల్లలు ఒక తెరచాప ఆలోచించారు. డబుల్ కాట్ దుప్పటంత వెండిరంగు పొర, చాక్లెట్ కాగితం కన్నా పల్చన. దాన్ని మడిచి మడిచి పిడికిలంత చేసి డబ్బాలో పెట్టాలి. పైకి వెళ్లాక కింది నుంచి ఆజ్ఞ పంపితే ఒక సన్నటి తీగ వేడెక్కి, కట్టి ఉంచిన నైలాను దారాన్ని కాలుస్తుంది. దారం తెగగానే వడ్రంగి కొలత టేపుల్లాంటి నాలుగు స్టీలు చేతులు బయటికి దూసుకొచ్చి తెరచాపను నాలుగు మూలలా లాగి పరుస్తాయి. అంత ఎత్తులోనూ కాస్తో కూస్తో గాలి ఉంటుంది. తెరచాప ఆ గాలికి అడ్డంగా నిలబడి డబ్బా వేగాన్ని చంపుతుంది. డబ్బా మెల్లగా దిగి దిగి, ఒకనాడు కాలిపోతుంది. మర్యాదగా చచ్చిపోవడం ఎలాగో చూపించడానికే దాన్ని పుట్టించారన్నమాట.

ఇక అన్నయ్య కాలికి పడ్డ బంధం సంగతి. రేడియో ఉన్న దేన్నైనా పైకి పంపేటప్పుడు దాని నోరు మూయించే ఏర్పాటు కూడా ఉండాలి. లేకపోతే అది ఎప్పుడైనా మతి తప్పి అదేపనిగా అరుస్తూ అందరి రేడియోలకూ అడ్డుపడుతుంది. అందుకని పిల్లలు డబ్బాలో ఒక గడియారం పెట్టారు. గడువులోగా కింది నుంచి ఎవరూ పలకరించకపోతే రేడియో మొత్తం శాశ్వతంగా ఆగిపోతుంది. ఆ తరవాత అది మాట్లాడదు, మనం చెప్పింది వినదు కూడా. ఆ గడువు మూడు నెలలు ఉండాలనుకున్నారు. ల్యాబ్‌లో పరీక్షించేటప్పుడు మూడు నెలలు ఎవరు కూర్చుంటారని మూడు రోజులు పెట్టుకున్నారు. అదీ పలకరించిన రోజును ఒకటిగా లెక్కేసి, మూడో రోజు మధ్యాహ్నానికి తీరిపోయేలా. ఎగిరే ముందు మార్చాలి. ప్రోగ్రాం రాసినవాడు, తనిఖీ చేసేవాడు మారుస్తాడులే అనుకున్నాడు. తనిఖీ చేసినవాడు, రాసినవాడు మార్చే ఉంటాడనుకున్నాడు. డబ్బా మూడు రోజుల గడువుతోనే పైకి పోయింది. ఆ గడువు రాసి ఉన్న చిప్పును కింది నుంచి ముట్టుకోవడానికి వీల్లేదు.

మొదట్లో అందరికీ అదొక వేడుకగా ఉండేది. పిల్లలు వంతులు వేసుకుని మరీ వచ్చి పలకరించేవారు. చదువులయ్యాయి, ఉద్యోగాలు వచ్చాయి, ఒక్కొక్కరే వెళ్లిపోయారు. తరవాతి బ్యాచ్ వాళ్లకు రెండో డబ్బా కట్టడం మీద మోజు గానీ పాత డబ్బాకు పాలు పట్టడం మీద ఎందుకుంటుంది? ఈ పని కంప్యూటరుకు వదిలెయ్యడానికి లేదు, లైసెన్సు ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని పంపాలన్నది రూలు. పైగా కాలేజీ మేడ మీద యాంటెన్నాను తిప్పే మోటారు నైరుతి మూలకు రాగానే బిగుసుకుంటుంది. అప్పుడు బయటికి పరుగెత్తి కర్రతో పొడవాలి. ప్రాజెక్టు నడిపే ప్రొఫెసరుగారికి కూడా లైసెన్సు లేదు. చివరికి ఆ మేడ మీద మిగిలింది అన్నయ్యా, ఆ కర్రా.

అదే సమయంలో వదినకు వేరే ఊరికి బదిలీ అయింది. బస్సులో పూట ప్రయాణం. కూతురు చిట్టిని తీసుకుని వెళ్లింది. అన్నయ్య మా ఇంటి పై వాటాలోకి మారి, మా దగ్గరే తింటూ, వీలైనప్పుడల్లా వెళ్లొస్తుంటాడు. వెళ్లిన రోజు ఒకటి, మర్నాడు ఒకటి, అంతే. రెండో సాయంత్రం బస్సెక్కాలి. పిల్లకు మాటలు వచ్చినప్పటినుంచీ ఇదే చూస్తోంది కాబట్టి దానికి తోచిన పేరు అది పెట్టుకుంది. చుట్టం నాన్న. రెండో రోజు మధ్యాహ్నం నుంచే ఆయన చెప్పుల్లో ఒకటి మాయమవుతుంది. ఒకసారి బియ్యం డబ్బాలో దొరికింది, ఇంకోసారి వదిన యూనిఫారం మడతల్లో. ఒకసారి దొరకనే లేదు. ఆ రోజు ఒంటి చెప్పుతో బస్సెక్కి వచ్చి, మా వీధిలో పిల్లలందరూ వెనక పడుతుంటే, ఏమీ జరగనట్టే మెట్లెక్కి పైకి పోయాడు.

పోయిన ఏడు ఒక జూనియర్ అమ్మాయికి లైసెన్సు వస్తే అన్నయ్య ధైర్యం చేశాడు. వారం రోజులు ఉండి వస్తానని సూట్‌కేసు సర్దాడు. మూడేళ్లలో నేనాయన సూట్‌కేసు చూడటం అదే మొదటిసారి. బస్సు సగం దారిలో ఉండగా ఆ అమ్మాయికి జ్వరమని ఫోను. ఆయన పెట్రోలు బంకు దగ్గర దిగిపోయి, ఎదురొచ్చే లారీ పట్టుకుని వెనక్కి వచ్చేశాడు. చిట్టి కోసం కొన్న చెక్క గుర్రం చంకలోనే ఉంది. దాన్ని నా కొడుకు బుడ్డోడికి ఇచ్చాడు. అప్పటికి వాడికి కూర్చోవడం కూడా రాదు.

జ్వరం తగ్గాక ఆ అమ్మాయి ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. అన్నయ్య మళ్లీ సూట్‌కేసు దించలేదు.

కోపం వచ్చేది నాకు. కానీ మా బుడ్డోడు పుట్టాక ఆ కోపం కాస్త పలచబడింది. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. నిద్రపోతున్న ఆరోగ్యమైన పిల్లాడికి ఊపిరి ఆగిపోదని నాకు తెలుసు. తెలిసీ లేచి లేచి వాడి ముక్కు కింద వేలు పెట్టి చూస్తుంటాను. వెచ్చటి గాలి తగిలితే వెళ్లి పడుకుంటాను. మా ఆయన "మళ్లీ మొదలైందా డ్యూటీ?" అని గొణుగుతాడు. అన్నయ్య మాత్రం ఎప్పుడూ ఏమీ అనడు.

పోయిన నెల వదిన చెప్పా పెట్టకుండా వచ్చింది. చిట్టీ, ఒక సంచీ. తిన్నగా మా ఇంట్లోనే దిగి, అన్నయ్య కిందికి వచ్చి కూర్చునేదాకా ఆగి, మొదలుపెట్టింది.

"మా హాస్పిటల్లో మిషన్లు చూసే ఆయన మానేశాడు. పెద్ద డాక్టరుగారికి మీ సంగతి చెప్పాను. రేపే రమ్మన్నారు. నెలాఖరు దాకా అయితే ఆగుతామన్నారు."

అన్నయ్య టీ గ్లాసు కేసి చూస్తూ, "మంచిదే" అన్నాడు.

"మంచిదే అంటే? వస్తారా, రారా?"

"డబ్బాని మరి..."

"నా సవతి సంగతి నాకు చెప్పకండి. ఆవిడగారికి మూడు రోజులకోసారి పలకరింపు కావాలి. మాకు అక్కర్లేదు. మేము పలకరించకపోయినా బతికే జాతి. అదే కదా మీ ధీమా?"

"అది కాదే..."

"ఏది కాదు? చిట్టి వచ్చే నెల బళ్లో చేరుతోంది. మీ నాన్న ఏం చేస్తారమ్మా అని టీచరు అడిగితే ఏం చెప్పాలట? మా నాన్న చుట్టం అని చెప్పమంటారా?"

"చుట్టం కాదు. చుట్టం నాన్న" అని చిట్టి నేల మీద నుంచి దిద్దింది. అది అప్పటికే చెక్క గుర్రాన్ని మా వాడి చేతిలోంచి లాక్కుని, దాని తోక సరిచేస్తోంది.

ఇంకెప్పుడైనా అయితే అందరం పడీ పడీ నవ్వేవాళ్లం.

"ఏమ్మా ఆడపడుచూ, నువ్వయినా చెప్పవేం?" అని వదిన నా మీదకు తిరిగింది. "అన్నగారు పక్కనే ఉంటే నీకు హాయిగానే ఉంటుందిలే. పిల్లాణ్ణి ఎత్తుకునే మనిషి దొరికాడు."

ఆ మాట కొంచెం తగలాల్సిన చోటే తగిలింది. "నేనేం కట్టేసి ఉంచలేదు వదినా" అన్నాను.

"ఎవరూ కట్టేయలేదు. అదే నాకు అర్థం కానిది." వదిన గొంతు తగ్గించింది. అలా తగ్గించినప్పుడే నాకు భయం. "చూడండీ, ఇదే ఆఖరుసారి అడగడం. నెలాఖరు దాటితే నేను మళ్లీ అడగను. కోపంతో అనడం లేదు. నర్సుని. ఎప్పటిదాకా చూడాలో, ఎప్పుడు వదిలెయ్యాలో నాకు బాగా తెలుసు."

మర్నాడు వాళ్లు వెళ్లిపోయారు. బస్టాండులో అన్నయ్య చిట్టిని కిటికీలోంచి అందిస్తుంటే, అది ఆయన కాళ్ల వైపు చూసి, "ఇక్కడ నీ చెప్పులు ఎవరూ దాచరు కదా" అంది.

వారం గడిచినా అన్నయ్య ఉలకలేదు పలకలేదు. పొద్దునా సాయంత్రం మేడెక్కుతాడు, డబ్బా నెత్తి మీదుగా పోయే ఆ పది నిమిషాలూ హెడ్‌ఫోను పెట్టుకుంటాడు, పలకరిస్తాడు, దిగుతాడు. నాకే ఉండబట్టలేదు. ప్రాజెక్టు నడిపే ఆ ప్రొఫెసరుగారి దగ్గరికి వెళ్లి గట్టిగా అడుగుదామని నిర్ణయించుకున్నాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. మీ పేరు కోసం ఒక మనిషి సంసారం బలి చేస్తారా, అన్న వాక్యం దగ్గర నాకే కళ్లు చెమర్చాయి కూడా.

ప్రొఫెసరుగారి గదిలో బీరువా మీద డబ్బా నమూనా ఉంది, అట్టతో చేసింది, ఒక మూల చీమలు పట్టింది. ఆయన కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని అదే కళ్లజోడు కోసం కాగితాల కింద వెతుక్కుంటున్నాడు.

"మా అన్నయ్యని వదిలిపెట్టండి సార్" అన్నాను. కూర్చుకున్న మాటలన్నీ ఎటు పోయాయో.

ఆయన నా వైపు తెల్లమొహం వేసి చూశాడు. "కూర్చోమ్మా. నేను పట్టుకుంటే కదా వదలడానికి."

"తెరచాప విప్పేస్తే డబ్బా పని అయిపోతుంది. ఇక రోజూ పలకరించే పని ఉండదు. మీరే కదా విప్పనివ్వడం లేదు?"

"నేనా!" ఆయన నెత్తి మీద కళ్లజోడు చేతికి తగిలి కింద పడింది. "రెండేళ్లు తిప్పి చూశాక విప్పాలన్నది ప్లాను. ఆ లెక్కన విప్పెయ్యమని ఏడాది కిందటే చెప్పాను. రెండుసార్లు రోజు కూడా ఖాయం చేశాం. రెండుసార్లూ మీ అన్నయ్యే, బ్యాటరీ నీరసంగా ఉంది సార్, వచ్చే వారం చూద్దాం అన్నాడు. దాని నాడి ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుస్తుంది? సరే అన్నాను. తరవాత అడగడం మానేశాను."

"ఎందుకు మానేశారు?"

ఆయన కింద పడ్డ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నిజం చెప్పమంటావా? నాకూ భయమేనమ్మా. ఆజ్ఞ పంపాక అది విప్పుకోకపోతే? పంపనంత కాలం మేం ఓడిపోయామని ఎవరూ అనలేరు. చూడ్డానికి వచ్చినవాళ్లకు ఇంకా బతికే ఉందని చూపించొచ్చు. కానీ నా భయం వేరు, ఆయనది వేరు అనుకుంటాను. ఆయనది నేను ఎప్పుడూ అడగలేదు."

బయటికి వచ్చాను. మూడేళ్లుగా నేను జైలరు అనుకున్న మనిషి చేతిలో తాళాలు లేవు. మరి తాళం ఎవరి దగ్గర ఉన్నట్టు?

ఆ సాయంత్రం బుడ్డోణ్ణి చంకనేసుకుని కాలేజీ మేడ ఎక్కాను. అది ఒకప్పుడు నీళ్ల ట్యాంకు మోటారు గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, రేడియో, పాత కంప్యూటరు. గోడకు ఆనించిన కర్ర. కర్ర చివర గుడ్డ చుట్టి ఉంది, యాంటెన్నాకు దెబ్బ తగలకుండా. అన్నయ్య అప్పుడే పలకరింపు పంపి, హెడ్‌ఫోను తీస్తున్నాడు.

"ప్రొఫెసరుగారిని కలిశాను" అన్నాను.

ఆయన హెడ్‌ఫోను తీగను చేతికి చుట్టుకుంటూ ఉండిపోయాడు.

"బ్యాటరీ నీరసంగా ఉందా అన్నయ్యా?"

"లేదు."

"మరి?"

"బాగానే ఉంది. మొదటినుంచీ బాగానే ఉంది."

"వదిన అన్ని మాటలు అంటుంటే తల వంచుకుని కూర్చున్నావు. తాళం నీ జేబులోనే ఉంది. ఏమనుకోవాలి నిన్ను?"

బుడ్డోడు ఆయన వైపు చేతులు చాచాడు. అన్నయ్య వాణ్ణి తీసుకుని బల్ల మీద కూర్చోబెట్టి, అప్పుడు చెప్పాడు. నాతో కాదు, వాడితో చెబుతున్నట్టు.

ఆ తెరచాపను చివరిసారి మడిచింది ఆయనే. పిల్లల చేతులు చెమట పట్టి వణుకుతుంటే, "అన్నా, నీ చేతికైతే మడత పడుతుంది" అని అప్పజెప్పారు. మడిచేటప్పుడు అది చెయ్యి వదిలితే చాలు, ఎగిసి లేస్తుంది. అందుకని ఒక్కో మడతనూ చిన్న చిన్న పసుపు రంగు టేపు ముక్కలతో అదిమి పెట్టి, దారం కట్టాక ఆ ముక్కలు తీసెయ్యాలి. ఒక్కటి మిగిలినా ఆ మూల విచ్చుకోదు. తీశాడు. మూత బిగించారు, ఫోటోలు దిగారు, డబ్బాను పెట్టెలో పెట్టి పంపించేశారు. రాత్రి ఇంటికొచ్చి చొక్కా విప్పుతుంటే మోచేతికి ఒక టేపు ముక్క అంటుకుని కనబడింది. దాన్ని చూడగానే, మిగతావన్నీ తీశానా అనిపించింది.

"తీసే ఉంటావులే" అన్నాను.

"తీసే ఉంటాను. చేతికి అంటుకున్నదంటే తీశాననే కదా. కానీ నాలుగో మూల దగ్గర తీసినట్టు గుర్తు రావడం లేదే. ఎంత ఆలోచించినా ఆ మూల దగ్గర ఏమీ లేదు నా బుర్రలో. ఖాళీ. అప్పుడు ఎవరో నవ్వించారు, అది గుర్తుంది. ఏం జోకో కూడా గుర్తుంది."

"అప్పుడే చెప్పాల్సింది."

"ఎవరికి? విప్పి చూద్దామంటే మళ్లీ మడవడానికి రోజులు పట్టేది. రాకెట్టు ఆగదు. టేపు లేదనే అనుకుని ఊరుకున్నాను. పైకి వెళ్లిపోయాక ఇంకేం చూస్తాం?" ఆయన మొదటిసారి నా మొహంలోకి చూశాడు. "ఆ పిల్లలు నాలుగేళ్లు నిద్ర మానుకుని చేశారు. ఇప్పటికీ ఫోన్లు చేస్తారు, ఎలా ఉంది అన్నా మన డబ్బా అని. బాగుంది అంటాను. ఆజ్ఞ పంపిన రోజు ఇక బాగుంది అనలేనేమో. పంపకపోతే రోజూ అనొచ్చు."

నేను సైన్సు చదివినదాన్ని. చూడనంత మాత్రాన లోపల ఉన్నది మారదని చెప్పగలను, రోజూ పిల్లలకు చెబుతాను కూడా. కానీ వేలు పెట్టి చూసేవాళ్లలో నేనొకదాన్ని, వేలు పెట్టడానికే భయపడే మనిషి ఎదురుగా కూర్చున్నాడు. పాఠం చెప్పే మొహం లేకపోయింది.

"అన్నయ్యా, టేపు ఉంటే ఉంది, లేకపోతే లేదు. అది మూడేళ్ల కిందటే తేలిపోయింది. తేలనిది చిట్టి సంగతి ఒక్కటే. అది మాత్రం నెలాఖరుకు తేలిపోతుంది."

 బుడ్డోడు ఈలోగా హెడ్‌ఫోను నోట్లో పెట్టుకున్నాడు. అది లాక్కోవడంలో ఆ సాయంత్రం గడిచిపోయింది.

నెలాఖరుకు నాలుగైదు రోజులుందనగా, పొద్దున్నే అన్నయ్య మా తలుపు కొట్టాడు. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. చేతిలో సూట్‌కేసు.

"రా. ఆ ఆజ్ఞ ఒక్కణ్ణే పంపలేను" అన్నాడు.

మేడ మీద ప్రొఫెసరుగారు, కొత్త బ్యాచ్ అమ్మాయి ఒకతె ఉన్నారు. ఆ అమ్మాయి ఇంకా లైసెన్సు పరీక్ష రాయలేదు. ఊరికే చూడ్డానికి వచ్చింది.  డబ్బా రావాల్సిన వేళకే వచ్చింది, ఎప్పటిలాగే కిచకిచలాడింది. అన్నయ్య ఎప్పటిలాగే పలకరించాడు. తరవాత తెరచాప ఆజ్ఞ టైపు చేసి, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి చదువుకున్నాడు. యాంటెన్నా నైరుతికి తిరిగి బిగుసుకుంది. ప్రొఫెసరుగారు తానే కర్ర అందుకుని బయటికి పరుగెత్తాడు. ఆయన పొడవడం చేతకాక తిట్టుకుంటుంటే, లోపల అన్నయ్య మీట నొక్కేశాడు.

అందింది, అని డబ్బా బదులిచ్చింది. అంతే. వెంటనే విప్పదు. ఎండలోకి వెళ్లి బ్యాటరీ నిండాక దారం కాలుస్తుంది. చేతులు విచ్చుకున్నాయో లేదో సాయంత్రం మళ్లీ వచ్చినప్పుడు చెబుతుంది.

"సాయంత్రం దాకా ఉండవయ్యా, చూసి వెళ్దువుగాని" అన్నాడు ప్రొఫెసరుగారు, ఆయాసంతో.

"సాయంత్రం దాకా ఉంటే వెళ్లలేను సార్" అని అన్నయ్య సూట్‌కేసు అందుకున్నాడు. మెట్ల దగ్గర నాతో అన్నాడు. "వినడానికి లైసెన్సు అక్కర్లేదు. నువ్వు విను. నేను ఫోను చేసేదాకా చెప్పకు."

సాయంత్రం విన్నాను. తెర మీద వరసగా నాలుగు అంకెలు రావాలి, ఒక్కో చేతికీ ఒకటి. విచ్చుకుంటే ఒకటి, లేకపోతే సున్నా. ఒకటి, ఒకటి, ఒకటి, సున్నా.

నాలుగో మూల.

ప్రొఫెసరుగారు కుర్చీలో వెనక్కి వాలాడు. తరవాత కాగితం మీద లెక్కలు వేశాడు. మూడు చేతులతో కూడా తెరచాప చాలావరకు పరుచుకుంటుంది. నెలల్లో కాకపోయినా కొన్నేళ్లలో దిగిపోతుంది. అది లేకుండా అయితే ఒక మనిషి జీవితకాలం తిరిగేది. "ఇది ఓటమి కాదమ్మా" అన్నాడు. మళ్లీ తానే, "ఇంకోసారి తీగ వేడిచేసి చూడొచ్చేమో. ఒక్కోసారి టేపు జిగురు కరిగి వదిలేస్తుంది" అన్నాడు.

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

అన్నయ్య వదిన దగ్గరికి చేరగానే ఫోను చేశాడు. వెనక చిట్టి గొంతు, గిన్నెల చప్పుడు.

"ఎన్ని?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. చిన్న అబద్ధం, ఒక్క అంకె. కానీ ఆ మనిషి మూడేళ్లు తెలియకపోవడంతోనే కదా కాపురం చేసింది.

"మూడు."



"నాలుగోదా?"

"నాలుగోదే."

"ఉందన్నమాట" అన్నాడు మెల్లగా. అంతలోనే గొంతు మారింది. "ఇంకోసారి తీగ వేడి చేస్తే వదలొచ్చు. జిగురే కదా. ఎండలో ఉన్నప్పుడు, రెండు మూడుసార్లు వరసగా..."

"అన్నయ్యా."

"గడువు ఇంకా ఉంది. ఎల్లుండి పొద్దున్న దాకా ఉంది. రేపు సాయంత్రం బస్సు పట్టుకుంటే..."

"అన్నయ్యా, అక్కడ ఉద్యోగంలో ఎప్పుడు చేరాలి నువ్వు?"

"ఎల్లుండి" అన్నాడు. ఫోను పెట్టేశాడు.

మర్నాడంతా నేను పిల్లలకు ఏం పాఠం చెప్పానో నాకు గుర్తులేదు. వీధిలో ఆటో చప్పుడైనప్పుడల్లా కిటికీ దగ్గరికి వెళ్లి చూశాను. వదినకు ఫోను చెయ్యాలనిపించింది. చేస్తే, ఆయన బయల్దేరాడని చెబుతుందేమోనని చెయ్యలేదు.

మూడో రోజు పొద్దున్న బుడ్డోణ్ణి ఎత్తుకుని మేడెక్కాను. నన్ను ఎవరూ రమ్మనలేదు. ప్రొఫెసరుగారు రాలేదు. కొత్త అమ్మాయి ఒక్కతే ఉంది, కుర్చీ అంచున కూర్చుని. అన్నయ్య కుర్చీ ఖాళీగా వదిలి పక్కదాంట్లో కూర్చుంది. మెట్ల మీద అడుగుల చప్పుడు కోసం ఇద్దరం చెవులు రిక్కించాం. కింద ఎవరో బకెట్లో నీళ్లు పట్టుకుంటున్నారు, అంతే.

డబ్బా వచ్చింది. కిచకిచలాడింది. ఒకటి, ఒకటి, ఒకటి, సున్నా. నెత్తి మీదికి వచ్చింది. ఆ అమ్మాయి చెయ్యి మీట దగ్గరికి వెళ్లి, తనకు లైసెన్సు లేదని గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. యాంటెన్నా నైరుతికి తిరిగి బిగుసుకుంది. ఎవరం కర్ర పట్టుకోలేదు. చప్పుడు పలచబడి, గరగరలో కలిసిపోయింది. మళ్లీ ఇటు వచ్చేలోగా దాని గడువు తీరిపోతుంది.

"అయిపోయిందా అక్కా?" అంది ఆ అమ్మాయి.

అప్పుడు మోగింది ఫోను. వదిన.

"ఎలా ఉంది మా సవతి?"

"వెళ్లిపోయింది వదినా. ఎవరూ పలకరించలేదు."  "అన్నయ్య ఎక్కడ?"

"ఇక్కడే ఉన్నారు. నిన్న సాయంత్రం ఏమైందో తెలుసా? చిట్టి ఈసారి చెప్పు దాచలేదు. రెండూ తుడిచి, తెచ్చి, ఆయన కాళ్ల ముందు పెట్టింది. చుట్టం నాన్నా, బస్సు టైమైంది అంది."

"అయ్యో. ఏమన్నాడు?"

"ఏమంటారు? వేసుకున్నారు. వీధి చివరిదాకా వెళ్లారు. నేను ఆపలేదు. ఆపే మనిషినైతే మూడేళ్ల కిందటే ఆపేదాన్ని. వెనక్కి వచ్చారు. మళ్లీ వెళ్లారు. అలా ఎన్నిసార్లో. బస్సు వెళ్లిపోయింది. పొద్దున లేచి చూసేసరికి మళ్లీ చెప్పులు వేసుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఇందాకటి నుంచీ గడియారం చూస్తున్నారు, ఆకాశం చూస్తున్నారు. ఇంకో గంటలో డ్యూటీలో చేరాలి, తెలుసో తెలీదో."

"చిట్టి?"

"అదీ తన చెప్పులు వేసుకుని పక్కనే కూర్చుంది. ఈయన లేస్తే అదీ లేస్తోంది, కూర్చుంటే కూర్చుంటోంది. నాన్న ఇక వెళ్లడే అని చెప్పాను. నన్ను నమ్మడం లేదు."

బుడ్డోడు నా భుజం మీద నిద్రపోయాడు. ఫోను చెవికి ఆనించుకునే, రెండో చేతి వేలు వాడి ముక్కు కింద పెట్టాను.